స్తంభం ఏడు: నీలం

మూడో నెల, తొమ్మిది. మొదటి గంట తర్వాత.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ పుస్తకం రాస్తున్నాను. కంటికి కనిపించిన రంగు తప్ప ఇందులో ఇంకోటి ఏనాడూ రాయలేదు. ఇవాళ మాత్రం కలం పట్టుకుని గంటసేపు అలాగే కూర్చున్నాను.

ఇవాళ పట్టీలు మార్చే రోజు. ఏడాదికోసారి నలభై ఒక్క ఉప్పు స్తంభాలకూ పాత గుడ్డపట్టీ విప్పి కొత్తది కడతాను. పట్టీ అంటే పెద్ద సంగతేమీ కాదు. కోబాల్ట్ క్లోరైడ్ కలిపిన నీళ్ళలో నూలుగుడ్డ నానేసి, పొయ్యి పక్కన ఆరబెడతాను, అంతే. పొడిగా ఉంటే నీలం, తడి తగిలితే గులాబీ. స్తంభంలోకి నీరు దిగితే స్తంభం కరుగుతుంది, స్తంభం కరిగితే కప్పు మన నెత్తిన పడుతుంది. అందుకని ఉప్పుగనిలో కాపురముండే మా కింది ఊళ్ళో పిల్లలు మాటలు రాకముందే ఇది నేర్చుకుంటారు: నీలమైతే పడుకోవాలి, గులాబీ అయితే లేచి పరిగెత్తాలి.

ఆరు స్తంభాలు మామూలుగానే అయ్యాయి. ఏడోది పడక హాల్లో ఉంది. నాలుగు వందల మంది పడుకునే చోటు అది. ఆ స్తంభం పట్టీని మాత్రం చాలా ఏళ్ళుగా నేను ముట్టుకోవడం లేదు. ఊరు దాన్ని నీలమ్మ తల్లి అని కొలుస్తుంది. ఆవిడకి దీపాలు పెట్టే ఆడవాళ్ళు వేరే ఉన్నారు. పాత పట్టీని వాళ్ళే పళ్ళెంలో దించి, ముక్కలు చేసి, కడుపుతో ఉన్నవాళ్ళ మణికట్టుకి కడతారు. నేను దూరం నుంచి రంగు చూసి రాసుకుపోతాను. ఈ ఏడాది దీపాల వెంగమ్మకి నడుం పట్టేసింది. మిగతావాళ్ళు పని ఒకరి మీదికి ఒకరు తోసుకుంటుంటే చిరాకేసి, నేనే దీపాల వెనక్కి చెయ్యి పెట్టి విప్పాను.

చేతికి తడి తగిలింది.

గుడ్డ మాత్రం చిక్కటి నీలం. పిండాను. అరచేతిలో ఒక చుక్క పడింది, ఆ చుక్క కూడా నీలమే. నేను చూస్తుండగానే అది ఊదాగా మారి, తర్వాత లేత గులాబీ అయింది. దీపాల ముందు అలా అరచెయ్యి చాచుకుని నిలబడిపోయాను. ప్రసాదం కోసం నిలబడ్డానేమో అనుకుని ఎవరో నా చేతిలో ఇంత నాచుపిండి కూడా పెట్టారు.

రాయాల్సింది రాస్తున్నాను. స్తంభం ఏడు: నీలం.

మూడో నెల, పది. రెండో గంట.

రాత్రి గంటలన్నీ లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. కొత్త పట్టీ కట్టి ఒక్క రోజే కదా అయింది, ఎవరో నీళ్ళు చిలకరించి ఉంటారు, ఇవాళ పొడిగా ఉంటుంది అనుకున్నాను. మొదటి గంటకే వెళ్ళి చెయ్యి పెట్టాను. తడిగానే ఉంది, నీలంగానే ఉంది.

వెంగమ్మ నాకు ఆడపడుచు వరస. మంచం మీద బోర్లా పడుకుని కాపడం పెట్టించుకుంటోంది. వెళ్ళి అడిగాను.

"తడి ఎందుకుండదు వదినా? అమ్మ చెమట గదా అది" అంది.

"చెమటేంది?"

"ఎనిమిదేళ్ళ నుంచీ పడతానే ఉండాది. మొదట్లో కొంచెమే. ఇప్పుడు పిండితే కారతా ఉండాది. కళ్ళకద్దుకుని ముక్కలు కోస్తన్నాం."

అక్కడే మంచం కోడు పట్టుకుని కూలబడ్డాను.

"ఎనిమిదేళ్ళా? మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వడిగేది రంగు గదా వదినా. తడి ఎప్పుడడిగావు?"

నిజంగానే ఎప్పుడూ అడగలేదు.

వస్తూ వస్తూ పెంచల దగ్గర ఆగాను. పెంచల నా కూతురు. తొమ్మిది నెలలు నిండాయి. పాదాలు వాచి, చెప్పులు పట్టడం లేదు. ఏడో స్తంభాన్ని ఆనుకునే దాని మంచం. నీలమ్మ దగ్గర వెచ్చగా ఉంటుందని నెలలు నిండినవాళ్ళని అక్కడే పడుకోబెడతాం. దాని మణికట్టుకి కిందటేటి పట్టీ ముక్క ఉంది. గులాబీ రంగులో. ఏ ఏడు ఎవరికి కట్టినా అది గులాబీ అవుతుంది. చెమటకి అవుతుందని అందరికీ చెప్పింది నేనే. దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"ఏందమ్మా అట్టా చూస్తన్నావు, నీకిప్పుడే నొప్పులొచ్చినట్టు?" అని నవ్వింది పెంచల.

నవ్వలేకపోయాను.

స్తంభం ఏడు: నీలం.

మూడో నెల, పదకొండు. నాలుగో గంట.

ఏడో స్తంభం వెనక పక్క, దీపాల వెలుగు పడని చోట, గుడ్డ అద్ది గిన్నెలోకి పిండాను. మూడు గరిటెల నీళ్ళు వచ్చాయి. నాలుక మీద వేసుకుంటే చేదు. పైనుంచి దిగే మంచినీళ్ళకి ఈ రుచి ఉండదు. ఉప్పుని తినీ తినీ కిందికొచ్చేసరికి ఇలా చేదెక్కుతాయి. అంటే మూడు గరిటెల చేదునీళ్ళకి లోపల ఎంత స్తంభం కరిగిందో నేను లెక్క వేసుకోదలుచుకోలేదు.

తలుపు గడియపెట్టుకుని రెండు చిన్న గిన్నెలు పొయ్యి మీద పెట్టాను. ఒకదాంట్లో తాగే నీళ్ళు, రెండోదాంట్లో ఆ చేదునీళ్ళు. రెంటిలోనూ చిటికెడు కోబాల్ట్ వేశాను. రెండూ గులాబీగానే మొదలయ్యాయి. మంట పెంచాను.

తాగే నీళ్ళు తెర్లాయి. గులాబీ గులాబీగానే ఉంది. రెండో గిన్నె ఇంకా తెర్లనే లేదు. అడుగు నుంచి ఊదా రంగు లేచింది. ఆ తర్వాత నీలం. గిన్నె నిండా నీళ్ళున్నాయి, అవి నీలంగా ఉన్నాయి. పొయ్యి మీంచి దించి చలి సొరంగంలో గట్టు మీద పెట్టాను. కాసేపటికి గులాబీ. మళ్ళీ పొయ్యి మీద పెడితే నీలం. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అంతే.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పొయ్యి పక్కనే పట్టీలు ఆరేస్తున్నాను. వేడికి గుడ్డలో తడి పోయి నీలం అవుతుంది అనుకున్నాను. అది నిజమే. కానీ తడి పోకపోయినా, ఉప్పూ వేడీ బాగా కలిస్తే నీలమవుతుందని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ గిన్నె పెట్టి చూసింది లేదు. ఈ ఉప్పు తగిలీ తగిలీ నా పది వేళ్ళూ పగిలి పుండ్లు పడ్డాయి, ఊళ్ళో దీని గురించి నాకంటే తెలిసినవాళ్ళు లేరని అందరితో అనిపించుకున్నాను. సిగ్గేస్తోంది.

నీలమ్మ ముందు మూడు వరసల దీపాలు. నూట ఇరవై ప్రమిదలు. దీపాల గూడు లోపల, పట్టీ దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఏ గంటలోనూ అవి కొండెక్కకుండా చూసుకుంటారు. మిగతా నలభై స్తంభాలకీ ఒక్క దీపం కూడా లేదు.

మూడో నెల, పన్నెండు. మూడో గంట.

ఊరిపెద్ద మాలకొండయ్య నాకు బావగారు, మా ఆయనకి అన్న. వయసులో ఉండగా ఉప్పు కొట్టే మేస్త్రి. గిన్నెలు రెండూ ఆయన ముందు పెట్టి, మాట్లాడకుండా చేసి చూపించాను. ఆయన రెండో గిన్నెకేసి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడేం జెయ్యమంటావు?"

"దీపాలు కొండెక్కించాల, బావగారూ. ఒక్క గంట. స్తంభం చల్లబడితే పట్టీయే చెప్తది. గులాబీ అయితే హాలు ఖాళీ చెయ్యాల."

"నాలుగొందల మందినీ చలి సొరంగంలోకి తోలాలంటావు."

"అవును."

"పోయినసారి తోలితే ఏమైందో నాకంటే నీకు బాగా తెలుసు గదా, నాంచారమ్మా."

ఆయన కఠినంగా అనలేదు. మెల్లగానే అన్నాడు.

"ఆయమ్మ ముందు మొదటి దీపం నువ్వు పెట్టిందే. నువ్వు మొర పెట్టుకుంటే ఆయమ్మ నీలమైంది. ఊరు ఊరంతా ఆ మాట మీద నిద్రపోతంది. ఇప్పుడు నువ్వే పోయి అదంతా ఉత్తదంటే ఎవరు నమ్ముతారు? పెంచల నిండు మనిషి. దాని కాన్పు కానీ. ఆ తర్వాత చూద్దాం."

"అప్పటిదాకా కప్పు ఆగుతదా?"

"పందొమ్మిదేళ్ళు ఆగింది గదా" అన్నాడు.

లేచి వచ్చేశాను. ఆయన చెప్పిన పందొమ్మిదేళ్ళ మాటే చెవుల్లో తిరుగుతోంది.

మూడో నెల, పదమూడు. మొదటి గంట.

పాత పుస్తకం తీశాను. పందొమ్మిదేళ్ళలో ఆ పేజీ ఒక్కసారి కూడా తెరవలేదు. నా దస్తూరీయే.

"అయిదో నెల, రెండు. స్తంభం ఏడు: గులాబీ. హాలు ఖాళీ చేయించాం."

"అయిదో నెల, మూడు. స్తంభం ఏడు: గులాబీ."

"అయిదో నెల, నాలుగు. స్తంభం ఏడు: గులాబీ. బాబు ఏడో గంటకి పోయాడు."

"అయిదో నెల, అయిదు. రెండో గంటకి గులాబీ. మూడో గంటకి నీలం. అందరం హాల్లోకి వచ్చేశాం."

నా కొడుక్కి అప్పుడు ఎనిమిది నెలలు. చలి సొరంగంలో మూడు రోజులకి వాడికి రొమ్ము పట్టి ఊపిరాడలేదు. వాణ్ణి పాత గనిలో పూడ్చిపెట్టి, అటునుంచి అటే ఏడో స్తంభం దగ్గరికి వచ్చాను. ఒక్క చుక్క నీరు కూడా కనబడటం లేదు. స్తంభం దిట్టంగా ఉంది. జనం ఊపిరి ఆవిరికే పట్టీ రంగు మారిందని, అబద్ధపు రంగు చూసి నా బిడ్డని చలిలో పెట్టుకున్నానని నాకు అనిపించింది. చేతిలో ఉన్న దీపాన్ని గూట్లో పెట్టి, నీ కడుపు మండ, ఇప్పుడన్నా నిజం చెప్పు అని తిట్టాను. మొర పెట్టుకోలేదు. తిట్టాను. ఆ ముక్క ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చూస్తుండగా అది నీలమైంది. నేను అరిచాను, అందరూ పరిగెత్తుకొచ్చారు. నీలాన్ని చూశారు. పక్కన దీపాన్ని, బిడ్డ పోయిన తల్లిని చూశారు. మర్నాటికి అక్కడ పది దీపాలున్నాయి.

అప్పుడు పట్టీ అబద్ధం చెప్పలేదు. అప్పటికే నీళ్ళు మొదలయ్యాయి. వాడు పోయింది దండగ రంగుకి కాదు, నిజమైన రంగుకే. దాని నోరు నొక్కింది నేను. నొక్కి, ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు రోజూ రెండు పూటలా వచ్చి నీలం, నీలం, నీలం అని నా చేత్తో నేనే రాశాను.

ఏడుపు రావడం లేదు. ఇంత పెద్ద విషయానికి ఏడుపు ఎందుకు రావడం లేదో తెలియడం లేదు. గోడకేసి చూస్తూ కూర్చుంటే రెండో గంట కొట్టారు.

మూడో నెల, పదమూడు. అయిదో గంట.

దీపాల గంటకి హాల్లో అందరూ ఉంటారు. వెళ్ళి గూటి ముందు నిలబడ్డాను. మా కింది ఊళ్ళో దీపాన్ని నోటితో ఊదం, వత్తి మీద చిటికెడు ఉప్పు వేసి కొండెక్కిస్తాం. గుప్పెడు ఉప్పు తీసుకుని మొదటి ప్రమిద దగ్గరికి వంగాను.

వెంగమ్మ నడుం పట్టుకుని లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఏం జేస్తన్నావు? పెంచల పక్కనే ఉండాది. నీకు మతి పోయిందా?"

"పోలేదు. ఇదిగో వెంగమ్మా, ఇక్కడ మొదటి దీపం పెట్టినరోజు నేను మొక్కలేదే. తిట్టాను. బిడ్డ చచ్చిపోయిన కోపంలో తిట్టాను. దీపం వేడికి అది నీలమైంది. అంతే జరిగింది. అది నా మాట ఇన్లేదు, ఎవురి మాటా ఇన్లేదు. అది ఒట్టి ఉప్పు."

వెనకాల మాలకొండయ్య బావగారు లేచి నిలబడటం చూశాను. నన్ను ఆపుతాడనుకున్నాను. ఆయన వచ్చి నా పక్కన నిలబడి, వెంగమ్మతో ఒకటే అన్నాడు.

"ఒక్క గంటే గదమ్మా. ఆయమ్మ నిజంగా తల్లయితే ఒక్క గంట చలికి ఓర్చుకోదా?"

వెంగమ్మ నా మొహంలోకి చూసింది. అరచెయ్యి చాచింది. ఆ చేతిలో సగం ఉప్పు పోశాను. ఇద్దరం రెండు వైపుల నుంచీ నూట ఇరవై దీపాలూ కొండెక్కించుకుంటూ మధ్యలోకి వచ్చాం. అప్పటికి వెంగమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

గంట పట్టలేదు. పట్టీ కింది అంచు ముందు ఊదా అయింది. ఆ ఊదా పైకి పాకింది. వెనకాలే గులాబీ వచ్చింది. పందొమ్మిదేళ్ళలో పుట్టిన పిల్లలెవరూ నీలమ్మని ఆ రంగులో చూడలేదు. ఒక ఆవిడ తన మణికట్టు ముక్కని, పట్టీని మార్చి మార్చి చూసుకుంది. అలా అందరూ చూసుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

బావగారు గూడు పైన, నిలువెత్తు మీద, సుత్తి పిడితో స్తంభాన్ని కొట్టాడు. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. ఉప్పు స్తంభం ఎలా మోగాలో ఊళ్ళో అందరికీ తెలుసు. అది మోగలేదు, బుస్సుమంది.

"పక్కలు చుట్టండి" అన్నాడు. "పిల్లలూ, పెంచలా ముందు."

పెంచల మంచం మీద లేచి కూర్చుని నన్నే చూస్తోంది.

"అమ్మా, తమ్ముడు..." అంది.

"ఆ" అన్నాను. "తర్వాత చెప్తా. కాళ్ళు కింద పెట్టు."

"పెట్టలేను. ఉమ్మనీళ్ళు పోతన్నాయి."

నలుగురం మంచంతో సహా ఎత్తుకుని పరిగెత్తాం.

స్తంభం ఏడు: గులాబీ. ఈ మూడు అక్షరాల మాట రాయడానికి నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది.

మూడో నెల, పద్నాలుగు. ఏ గంటో తెలియదు.

చలి సొరంగంలో రాస్తున్నాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

ఏడో స్తంభం పడిపోయింది. అందరం బయటికొచ్చిన పదకొండో గంటకి. ముందు ఏదో బట్ట చింపినట్టు చప్పుడైంది, తర్వాత కాళ్ళ కింద నేల అదిరింది, సొరంగం నిండా ఉప్పుదుమ్ము వచ్చి పడింది. దుమ్ము తగ్గాక బావగారూ నేనూ లాంతరు పట్టుకుని హాలు గుమ్మం దాకా వెళ్ళాం. హాల్లో సగం లేదు. పెంచల మంచం ఉన్న చోట కప్పు నుంచి నేల దాకా ఉప్పు దిబ్బ. దానిమీద పైనుంచి మంచినీళ్ళు ధారగా పడుతున్నాయి. ఎక్కడి నుంచో, ఎన్నేళ్ళ నుంచో. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

నాలుగు వందల ఆరుగురం. పేరు పేరునా పిలిచి లెక్కపెట్టాం. మూడుసార్లు. మూడుసార్లూ నాలుగు వందల ఆరే. ఒక్కరూ తగ్గలేదు.

పెంచల చుట్టూ ఆడవాళ్ళు మూడు వరసలుగా, ఒకరి వీపు ఒకరికి ఆనించి కూర్చున్నారు. లోపలి వరసకి వేడెక్కగానే బయటి వరసతో చోటు మారుతున్నారు. ఈ పద్ధతి వెంగమ్మ చెప్పింది. పందొమ్మిదేళ్ళ కింద ఇది ఎవరికీ తట్టలేదు. అప్పుడు ఎవరి బిడ్డని వాళ్ళు పొదువుకుని ఎవరి మూలన వాళ్ళు కూర్చున్నాం.

ఇప్పుడే ఏడుపు వినిపించింది. ఆడపిల్ల.

వెంగమ్మ దాన్ని తన జాకెట్లో దోపుకుని, నావైపు చూసి, "వెచ్చగానే ఉండాది వదినా, వెచ్చగానే ఉండాది" అంటూనే ఉంది. ఎన్నిసార్లు అందో లెక్కపెట్టలేదు. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

మూడో నెల, ఇరవై ఆరు. అయిదో గంట.

ముప్ఫయ్యో స్తంభం చుట్టూ కొత్త పడక హాలు కట్టుకుంటున్నాం. నాచు తొట్ల పక్క గది కాబట్టి అంత చలి లేదు. బిడ్డకి పన్నెండు రోజులు. పాలు తాగుతోంది, రాత్రి గంటలన్నిటికీ లేచి అందరినీ లేపుతోంది. అంటే బాగానే ఉంది.

ఇవాళ పట్టీ చూడటానికి వెళ్ళేసరికి స్తంభం దగ్గర వెలుతురు కనబడింది. పట్టీకి జానెడు దూరంలో ఒక ప్రమిద. దాని ముందు బిడ్డనెత్తుకుని పెంచల. మిగతావాళ్ళెవరైనా అయి ఉంటే గట్టిగా కేకలేసేదాన్ని. అన్నీ కళ్ళారా చూసిన పిల్ల, కొంచెంలో ఆ ఉప్పు దిబ్బ కింద ఉండాల్సిన పిల్ల.

"ఏం జేస్తన్నావే?" అన్నాను.

"అరవబాకమ్మా. ఒక్కటే గదా పెట్టింది, చిన్నది. మనల్నందరినీ కాపాడింది గదా ఆయమ్మ. ఇప్పుడు ఈ చల్లటి స్తంభంలో ఒక్కతే ఉండాది, చూస్తే జాలేసింది."

అది మంచిమనసుతో అన్నమాటే. పందొమ్మిదేళ్ళ కింద నా దీపం పక్కన తొమ్మిది దీపాలు పెట్టినవాళ్ళవీ మంచిమనసులే.

చిటికెడు ఉప్పు తీశాను. తీసి, మళ్ళీ జారవిడిచాను. ప్రమిదని అలాగే రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్ళి, పెంచల పక్కలో బిడ్డ పడుకునే చోట, గాలి తగలని గట్టు మీద పెట్టాను.

"వెచ్చగా ఉండాల్సింది ఇదే" అన్నాను, బిడ్డని చూపిస్తూ. "ఆయమ్మని చలిలోనే ఉండనీ."

పెంచల కాసేపు స్తంభం వైపు, కాసేపు దీపం వైపు చూసింది. తర్వాత బిడ్డని దీపం పక్కన పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. మణికట్టుకున్న గులాబీ ముక్కని పళ్ళతో కొరికి తెంపి, నా చేతిలో పెట్టింది.

వెనక్కి వెళ్ళి పని పూర్తి చేశాను.

స్తంభం ముప్ఫై: నీలం. చేత్తో తాకి చూశాను. చల్లగా ఉంది, పొడిగా ఉంది.